ఒక మెట్టు తెలుపు

నేను కుంచె కింద పెట్టి నాలుగు నెలలైంది. కుడిచేతి బొటనవేలికి వణుకు వచ్చిందని నేను కనిపెట్టేలోపే నేను వేస్తున్న బొమ్మలో ఒక పెద్దాయన మీసం వంకర తిరిగింది. ఆయన మంచివాడు, నవ్వి ఊరుకున్నాడు. నేను మాత్రం ఇక చాలనుకున్నాను. వచ్చే నెలలో మస్కట్ వదిలి ఊరికి వెళ్ళిపోతున్నాను.

మా చర్చిలో నర్సుల పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు, బొమ్మలు బాగా వేస్తారు. ‘ఆంటీ, మనుషుల ముఖాలు వెయ్యడమే పనిగా పెట్టుకుంటాం, ఏం నేర్చుకోవాలి?’ అని అడుగుతున్నారు. ముక్కు ఎలా వెయ్యాలో, కన్ను ఎలా తిప్పాలో ఫోనులో చూసి నాకంటే బాగా నేర్చుకుంటారు. అవి నేను చెప్పక్కర్లేదు. ఫోనులో చెప్పని సంగతి ఒకటుంది. ఈ పనిలో ముందు వచ్చేది భయం. మనిషి తన ముఖాన్ని మన చేతికిచ్చి ఇంటికి వెళ్ళిపోతాడు. మళ్ళీ వచ్చి చూసేదాకా మనకు నిద్ర పట్టదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు కూడా నేను ధైర్యంగా మొదటి గీత గియ్యలేదు. ప్రార్థన చేసుకుని, గీసి, మళ్ళీ ప్రార్థన చేసుకునేదాన్ని.

అంత ప్రార్థన చేసినదాన్నే ఇరవై ఏళ్ళు ఒక తప్పు చేస్తూ వచ్చాను. ఆ తప్పు సంగతి రాద్దామనే ఇప్పుడు కూర్చున్నాను.

నాన్న పెంకు

మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాన్న కొట్లకు బోర్డులు రాసేవాడు, చర్చి గోడలమీద వాక్యాలు రాసేవాడు, పోయినవాళ్ళ బొమ్మలు వేసేవాడు. అరచేతిలో పట్టే ఫొటోమీద పెన్సిలుతో గళ్ళు గీసి, అట్టమీద పెద్ద గళ్ళు గీసి, ఒక్కో గడినీ అటునుంచి ఇటు మోసుకొచ్చేవాడు. నా పదకొండో ఏట అమ్మ పోయింది. బడి మానేశాను. ఆ తర్వాత నా చదువంతా నాన్న దగ్గరే. బైబిల్లో చదవడం, బోర్డుమీద రాయడం, గళ్ళలో గీయడం.

నాన్న రంగులు కలిపేది పగిలిన బంగాళా పెంకు మీద. ముదురు నుంచి లేత దాకా మెట్లు మెట్లుగా పెట్టేవాడు. ఫొటో చూసి, పోయిన మనిషి ముఖానికి సరిపోయే మెట్టు ఏదో వేలు పెట్టి చూపించేవాడు. తరవాత ఆ వేలు ఒక మెట్టు పైకి జరిపి, “ఇందులో ముంచమ్మా” అనేవాడు.

“అది ఒక మెట్టు తెలుపు కదా నాన్నా?”

“పోయినోళ్ళని ఒక మెట్టు తేటగా వెయ్యాలమ్మా. ఇంట్లోవాళ్ళు చూసి సంతోషపడతారు. మనకి పోయేదేముంది.”

అమ్మ బొమ్మ కూడా అలాగే వేశాడు. ఒక మెట్టో, రెండు మెట్లో నాకు గుర్తులేదు. చూసిన వాళ్ళంతా దొరసానిలా ఉందన్నారు. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. ఆ బొమ్మ ఇప్పటికీ మా తమ్ముడింట్లో గుమ్మం పైన ఉంది.

నాన్నను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. నాకున్నదంతా ఆయన పెట్టిన భిక్షే. అయితే మనకు ప్రేమగా నేర్పినవాటిలో కూడా ఒకటి రెండు మళ్ళీ తూకం వేసుకోవలసినవి ఉంటాయి. తూకం వెయ్యడానికి నాకు యాభై దాటాయి.

నిజ్వా వంటగది, అల్ హైల్ కొట్టు

నేను ఒమాన్ వచ్చింది ఇంటిపనికి. నిజ్వాలో ఒక కుటుంబం. నాలుగేళ్ళు వంటగదిలో ఉన్నాను. కూరగాయల సంచుల కాగితం మీద ఆ ఇంటి పిల్లల ముఖాలు గీసేదాన్ని. ఒకరోజు మేడమ్ ఆ కాగితాలు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె వాటిని ఇస్త్రీ చేయించి ఫ్రేము కట్టించింది. ఆ ఫ్రేములు కట్టిన కొట్టు మస్కట్‌లోని అల్ హైల్‌లో ఉంది. “ఈ బొమ్మలు వేసిన మనిషి నాకు కావాలి” అని అడిగినవాడు ఆ కొట్టు మేనేజరు. మేడమే దగ్గరుండి నా వీసా కాగితాలు ఆ కొట్టు పేరుకు మార్పించింది. ఆమె పేరు నా ప్రార్థనలో రోజూ ఉంటుంది.

ఆ మేనేజరే ఖాదర్ అన్న. కడప జిల్లా మనిషి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. రంగుల విషయంలో మాత్రం నాన్న కంటే ఒక ఆకు ఎక్కువే చదివాడు.

“ఏందిమే కరుణమ్మా, ఇంత నల్లగా ఏచ్చాండావు? పెండ్లికొడుకనుకున్న్యావా, బొగ్గుల మూటనుకున్న్యావా?”

“ఫొటోలో అలాగే ఉన్నాడు అన్నయ్యా.”

“ఫొటోలో ఉండేది చూసుకునేకి ఫొటో ఉంది గదమే. మనకాడికి ఎందుకొచ్చాడు? కొంచెం తేటగా ఎయ్యి.”

ఆ పెళ్ళికొడుకు ఇబ్రిలో కట్టుబడి మేస్త్రి. బొమ్మను సంబంధంవాళ్ళకు పంపించాడు. సెలవు మీద ఊరికి వెళ్ళి ఆ ఇంటి గుమ్మంలో నిలబడితే, పిల్ల తండ్రి బయటికి తొంగిచూసి, “అబ్బాయి రాలేదా? మీరు అన్నగారా?” అని అడిగాడట. పెళ్ళి జరిగింది, పిల్లలున్నారు. తిరిగొచ్చాక ఆ మేస్త్రే మా కొట్లో నిలబడి ఈ సంగతి చెప్పి నవ్వాడు. ఖాదర్ అన్న కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ నవ్వులో నాకొక హెచ్చరిక ఉంది. నేను వినిపించుకోలేదు.

మా కొట్లో ‘చర్మం రంగు’ అని పేరు రాసిన ట్యూబు ఉండేది. లేత గులాబీ. మా కొట్టుకు వచ్చే మనుషుల్లో ఆ చర్మం ఉన్నవాళ్ళను నేను ఒక చేతి వేళ్ళమీద లెక్కపెట్టగలను. అయినా నెలకు అరడజను ట్యూబులు అయిపోయేవి.

సలాం, నువ్వెవరమ్మా?

సీబ్‌లో సముద్రం వైపు ఒక పేట. అక్కడ ఆఫ్రికా తీరం నుంచి తిరిగొచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒమానీలే. ఇంట్లో స్వాహిలీ, బయట అరబ్బీ, మనవాళ్ళతో బేరానికి హిందీ. ఆ పేట ఆడవాళ్ళు కలిసి ఒక చిన్న హాలు కట్టుకున్నారు. కుట్టుపని, చదువు, పెళ్ళిళ్ళ సంప్రదింపులు అన్నీ అక్కడే. ఆ హాలు ప్రారంభానికి ముందు నస్రా అనే టీచరు మా కొట్టుకు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, నల్లని మనిషి, నిలువెత్తు.

“మా పేటను నిలబెట్టిన ఆడవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళ బొమ్మలు గోడమీద ఉండాలి. ఫొటోలు వద్దు, చేత్తో వేసినవి కావాలి. మా పిల్లలు రోజూ తలెత్తి చూసే ముఖాల్లో మాలాంటి ముఖం ఒక్కటీ లేదు” అంది.

మొదటి బొమ్మ మామా జుహురాది. జాంజిబార్‌లో పుట్టి, చిన్నప్పుడే ఓడలో ఇక్కడికి వచ్చిన మనిషి. భర్త పోయాక కుమ్మాలు, అంటే ఇక్కడి మగవాళ్ళు పెట్టుకునే బుట్టాల టోపీలు, కుట్టి పిల్లల్ని పెంచింది. పేటలో సగంమంది ఆడవాళ్ళకు సూది పట్టడం ఆమే నేర్పింది. గొడవలు తీర్చేది. దిక్కులేని ఆడమనిషి చనిపోతే స్నానం చేయించి కఫను, అంటే శవానికి కప్పే తెల్లగుడ్డ, చుట్టేది. ఒకసారి మన కడప పిల్లను పనిచేసే ఇంట్లోవాళ్ళు వీధిలోకి పంపేస్తే, ఈమె తన ఇంట్లో పెట్టుకుని, కాగితాలు సరిచేయించి, విమానం ఎక్కించింది. ఖాదర్ అన్నకు ఆ సంగతి తెలుసు. “ఆ యమ్మ బొమ్మ మనకాడికి రావడమే మన పున్నెం మే. బాగా ఎయ్యి” అన్నాడు.

మామా జుహురా ముందు ఒప్పుకోలేదని నస్రా చెప్పింది. దేవుడు చేసిన ముఖాన్ని మనిషి మళ్ళీ చెయ్యాలని చూడడం సరికాదని ఆమె నమ్మకం. మూడు నెలలు బతిమాలితే, పిల్లల కోసం అని చివరికి తలూపింది. కూర్చోను మాత్రం కూర్చోదు, ఫొటో చూసి వెయ్యమంది. ఆ ఫొటో ఎవరి పెళ్ళిలోనో తీసింది. ఫ్లాష్ పడి ముఖం సగం తెల్లగా అయిపోయింది.

దాన్నే ముందు పెట్టుకున్నాను. నా పెంకు మీద మెట్లు పేర్చాను. ఫొటోలో ఉన్న మెట్టు మీద వేలు పెట్టాను. తరవాత నా వేలు దానంతటదే ఒక మెట్టు పైకి జరిగింది. నేను ఆలోచించలేదు. గౌరవంగా వెయ్యాలనుకున్నాను, అంతే. గౌరవం అంటే ఒక మెట్టు పైకి అని నా చేతికి అలవాటు.

బొమ్మ పూర్తయ్యాక నేనూ నస్రా దాన్ని మామా జుహురా ఇంటికి తీసుకెళ్ళాం. దారిలో కారులో నస్రా బట్ట తీసి చూసి, మళ్ళీ కప్పేసింది. 

ముంగిట్లో చాపమీద ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు టోపీలు కుడుతున్నారు. మధ్యలో మామా జుహురా. బొమ్మ ముందు పెట్టాం. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత బొమ్మకేసి తల వంచి, “సలాం అలైకుం. నువ్వెవరమ్మా?” అంది.

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. “మామా, నీకు చెల్లెలుందని చెప్పలేదే!” అంది ఒకామె. “చెల్లెలు కాదే, జ్వరమొచ్చి లేచిన మామా!” అంది ఇంకొకామె.

మామా జుహురా నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచింది. హిందీలో, మెల్లగా అంది. “బేటీ, దేవుడు చేసిన ముఖం మళ్ళీ చెయ్యడం తప్పేమోనని నేను భయపడ్డాను. నువ్వు ఆయన చెయ్యని ముఖం చేశావు. దీన్ని తీసుకెళ్ళిపో. దీని కింద నా పేరు రాయొద్దు.”

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఏడ్చి తేలికపడేదాన్ని.

పన్నెండు రోజులు

మామా జుహురాకు పన్నెండు రోజుల్లో గుండె ఆపరేషను. ఆ మాట నస్రా తిరిగొచ్చేటప్పుడు చెప్పింది. వయసు చూసి డాక్టర్లు గట్టిగా ఏమీ చెప్పడం లేదట. “ఆమె ఒకసారి కాదంటే కాదు. ఆ స్థలం ఖాళీగా ఉంచుతాం” అంది. బయటికి చూస్తూ, “నాకు చిన్నప్పుడు మా స్కూల్లో నాటకం వేశారు. నాకు రాణి వేషం ఇచ్చి, ముఖానికి పౌడరు కొట్టారు. నువ్వు అదే చేశావు” అంది.

ఖాదర్ అన్నకు చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. “ఫొటోనే పెద్దది చేసి ఇచ్చేద్దాంమే.”

“ఆ ఫొటోలోనూ ఆవిడ లేరు అన్నయ్యా. ఫ్లాషే ఉంది.”

“అయితే ఏం చేచ్చావు? తప్పు నాది గూడా ఉండాదిలే. ఇన్నేండ్లు తేటగా, తేటగా అని మీదపడి చెప్పినోన్ని నేనే.” నా వైపు తిరిగి, “పో. క్షమించమని అడుగు. బొమ్మ సంగతెత్తొద్దు” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఒట్టి చేతులతో వెళ్ళాను.  ముంగిట్లోకి వెళ్ళి, “మామా, తప్పైపోయింది. క్షమించండి” అన్నాను. ఆమె “కూర్చో” అని ఖర్జూరాలు, కాఫీ పెట్టింది. తరవాత నా చేతిలో ఒక దారపుండ పెట్టి సూదుల్లోకి ఎక్కించమంది. మిగతా ఆడవాళ్ళంతా నన్నే చూస్తున్నారని కాబోలు, నాకు పని చూపించింది. మధ్యాహ్నం నమాజు వేళ దాకా సూదుల్లోకి దారాలు ఎక్కించి వచ్చేశాను. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. బొమ్మ మాట ఆమె ఎత్తలేదు, నేనెత్తలేదు. లోపల మాత్రం ఒక్కో రోజూ లెక్క తగ్గుతోంది. తొమ్మిది, ఎనిమిది.

నాలుగో రోజు ఒక కుట్టుపిల్ల టోపీకి వేరే గోధుమరంగు దారం కలిపేసింది. మామా జుహురా ఆ పిల్లను లేపి, గుమ్మంలోకి తీసుకెళ్ళి, దారాన్నీ గుడ్డనూ పక్కపక్కన పట్టి చూపించింది. “ట్యూబులైటు కింద అన్ని గోధుమరంగులూ అక్కచెల్లెళ్ళే. గుమ్మం వెలుతురులో పెడితే ఎవరు ఎవరో తెలుస్తుంది.”

ఆ మాటకు నేను సూది పక్కన పెట్టేశాను. ఇన్నేళ్ళూ నేను కొట్లో ట్యూబులైటు కింద, ఫ్లాషు పడిన ఫొటోల నుంచి మనుషుల రంగు తీస్తున్నాను.

ఆమె నా ముఖం చూసింది. దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి లాగి, తన చెయ్యి పక్కన పెట్టింది. నేను కూడా నలుపే. ఆమెకూ నాకూ ఒక్క మెట్టు తేడా, అంతే.

“నిన్ను నువ్వు వేసుకుంటే ఏ రంగు వేసుకుంటావు?”

 నేనెప్పుడూ నన్ను వేసుకోలేదు. వేసుకుని ఉంటే వేలు ఎటు జరిగేదో నాకు తెలుసు. పొద్దున లేస్తే ‘నన్ను చేసినందుకు స్తోత్రం’ అని దేవుడికి చెప్పుకునే మనిషిని. అలా చెప్పుకుని, కొట్టుకెళ్ళి, సాయంత్రం దాకా ఆయన చేతిపని దిద్దుతూ కూర్చున్నాను.

గుమ్మంలోనే ఏడ్చేశాను. మామా జుహురా ఓదార్చలేదు. “రేపు రంగులు తీసుకురా” అంది.

దారాలు

గుమ్మం పక్కన, ఉత్తరం వెలుతురులో ఆమె కూర్చునేది. పొద్దున పని ముగిశాక మొదలుపెట్టి మధ్యాహ్నం నమాజు దాకా. పాత గులాబీ ట్యూబు పెట్టెలోంచి తీసేశాను. నల్ల ట్యూబు కూడా తీసేశాను. నలుపు రంగు పూస్తే నల్లని మనిషి చచ్చిపోతుంది, ఇది రాసిపెట్టుకోండి. ముదురు గోధుమలో నీలం కలిపి, ఎరుపు చుక్క వేసి, కొంచెం కొంచెంగా చేరుకున్నాను. కలిపిన రంగు అట్టముక్క అంచుకు పూసి ఆమె చెంప పక్కన పట్టేదాన్ని. అట్ట అంచు కనిపిస్తే తప్పు. చెంపలో కలిసిపోయి కనిపించకపోతే సరైనది. మొదటి రోజంతా అంచు కనిపిస్తూనే ఉంది.

 నేను ఒక రంగు అనుకున్న ముఖంలో ఎన్ని ఉన్నాయో! నుదుటిమీద ఆకాశం నీలంగా పడేది. చెంప నీడలో ఎరుపు. గొంతు దగ్గర మట్టికుండ లోపలి రంగు. ఇవన్నీ ఒక మెట్టు తెలుపు కింద పూడ్చేసి, దానికి గౌరవమని పేరు పెట్టాను.

“కళ్ళు బాగా వెయ్యి. పిల్లలు అబద్ధమాడినప్పుడు ఈ కళ్ళే వాళ్ళను చూడాలి” అనేది మామా. చాపమీంచి ఎవరో, “అమ్మో, హాల్లోనూ వదలదా!” అనేవారు.

మూడు పూటలు కూర్చుంది. చెంపలు, నోరు, కళ్ళు అయ్యాయి. నుదురు, గొంతు, చేతులు మిగిలాయి. నాలుగో పొద్దున వెళ్ళేసరికి ముంగిట్లో చాప చుట్టి ఉంది. రాత్రి ఆయాసం ఎక్కువైందట. ఆపరేషను ముందుకు జరిపారు. మధ్యాహ్నానికే ఆస్పత్రికి వెళ్ళాలి.

మామా జుహురా గుమ్మంలోనే కూర్చుని ఉంది. దారాలపెట్టె ఒళ్ళో ఉంది. ఊపిరి కూడదీసుకుంటూ ఒక్కో గోధుమరంగు దారాన్నీ తీసి తన ఒంటిమీద పెట్టి చూసుకుంటోంది. నన్ను చూసి అట్టముక్క ఇమ్మంది. దానికి ఐదు దారాలు చుట్టింది.

“ఇది నుదురు. ఇది నుదుటిమీద వెలుతురు పడేచోట. ఇది గొంతు. ఇది చేతుల పైన, ఇది అరచెయ్యి. నేను తిరిగి రాకపోతే వీటిని చూసి వెయ్యి. ఎవరేమన్నా మార్చొద్దు.”

“మీరు వస్తారు మామా.”

“అది నీ చేతిలో లేదు. ఇది నీ చేతిలో ఉంది” అని అట్టముక్కను నా పిడికిట్లో పెట్టి మూసింది.

ఆ వారం నేను ఎలా గడిపానో దేవుడికే తెలుసు. కొట్టు తలుపు దగ్గరికి బల్ల జరిపించాను. దారాలు పక్కన పెట్టుకుని నుదురు వేశాను. ఒక్కో గీతకూ ఫోను చూసుకునేదాన్ని. ఆపరేషను అయిందని నస్రా చెప్పింది. తరవాత రెండు రోజులు కళ్ళు తెరవలేదంది. ఆ రెండు రోజులూ నా కుంచె ముందుకు వెళ్ళలేదు. వేసేస్తే ఆమె ఇక రానవసరం లేదన్నట్టు అయిపోతుందేమోనని పిచ్చి భయం. ఖాదర్ అన్నే వచ్చి పక్కన నిలబడ్డాడు. “ఎయ్యి మే. ఆ యమ్మ నీకు పని చెప్పిపోయింది గదా.” దారాల అట్ట తీసుకుని తనే బొమ్మ గొంతు దగ్గర పట్టాడు. కళ్ళు చిన్నవి చేసి చూశాడు. “ఈడ ఇంగా తేటగా ఉండాది. దించు.”

ఇరవై ఏళ్ళలో ఖాదర్ అన్న నోట ‘దించు’ అనే మాట అదే మొదటిసారి వినడం.

హాలు తెరిచేనాటికి మామా జుహురా ఆస్పత్రిలోనే ఉంది. కళ్ళు తెరిచింది, మనుషుల్ని గుర్తుపడుతోంది అన్నారు. బొమ్మ గోడకెక్కింది. పేరు మాత్రం నేను రాయలేదు. “ఆవిడ చూసి చెప్పాకే” అన్నాను. నస్రా ఒప్పుకుంది. బొమ్మ కింద ఖాళీ పలక ఒకటి నెలన్నర వేలాడింది.

నెలన్నర తర్వాత, కర్ర పట్టుకుని, మనవరాలి భుజం మీద చెయ్యేసి ఆమె హాల్లోకి వచ్చింది. సగమైపోయింది మనిషి. హాల్లో ఉన్న పాతికమందీ లేచి దారి ఇచ్చారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె బొమ్మ ముందు నిలబడింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. అట్నుంచి ఇటు, ఇట్నుంచి అటు చూసింది.

“సలాం అలైకుం” అంది బొమ్మతో. “నేను లేనప్పుడు పిల్లల్ని బాగా చూసుకున్నావా?”

ఎవరో ముందు నవ్వారు, తరవాత అందరూ ఏడ్చారు. ఆమె నా వైపు తిరిగి, “నుదురు కొంచెం మెరుస్తోంది. ఫరవాలేదు, ఎండాకాలం అనుకుంటారు. పేరు రాయి” అంది.

రాశాను. 

కొన్ని మాటలు

తరవాత మిగతా ముగ్గురివీ వేశాను. అందులో గ్రేస్ అని టాంజానియా ఆవిడ, ఇంటిపని చేసే ఆఫ్రికా ఆడవాళ్ళకు పెద్దదిక్కు. ఆమె నన్ను పక్కకు పిలిచి, “సిస్టర్, కొంచెం తేటగా వెయ్యి. మా అమ్మకు ఫొటో పంపాలి, పనిలో నల్లబడ్డానని ఏడుస్తుంది” అంది. ఏం చెయ్యను? ముఖం ఆమెది. రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి రంగు మార్చలేదు, ఆమె కుర్చీ మార్చాను. పొద్దుటి కిటికీ దగ్గర కూర్చోబెడితే ఆమె నలుపే వెలిగింది. చూసుకుని మురిసిపోయింది. నేను చేసింది సరైనదో, గడుసుతనమో ఇప్పటికీ తెలియదు. మీకు ఇలాంటి రోజు వస్తుంది. అప్పుడు నన్ను అడక్కండి, కూర్చున్న మనిషిని అడగండి.

ఫొటో ఇస్తే మనిషిని చూడాలని అడగండి. చూడ్డం కుదరకపోతే, ఆ మనిషిని ప్రేమించినవాళ్ళ చేత దారం తీయించండి. మెచ్చుకోలు వచ్చిన బొమ్మను రెండుసార్లు చూసుకోండి. నేను వేసిన వందల ముఖాలు ఎక్కడెక్కడి గోడలమీదో ఒక మెట్టు తెల్లగా ఉన్నాయి. వాటిని వెనక్కి పిలవలేను. అందరికీ నచ్చాయి, అదే నా బెంగ.

ఒక్క బొమ్మ మాత్రం నా చేతికి అందేచోట ఉంది. మా తమ్ముడింటి గుమ్మం పైన అమ్మ. కళ్ళు మూసుకుని అమ్మను తలుచుకుంటే నాకు వచ్చేది నాన్న వేసిన ముఖమే. అమ్మ అసలు రంగు నాకు గుర్తులేదు. చెప్పడానికి నాన్న లేడు. నాన్న చూసి వేసిన ఫొటో కూడా ఇప్పుడు లేదు. అమ్మ చెల్లెలు, మా పిన్ని, ఒక్కతే ఉంది. ఈమధ్య మతిమరుపు వస్తోందట, నన్ను కూడా ఒక్కోసారి పోల్చుకోవడం లేదట. నేను వెళ్ళేలోపు ఆమెకు గుర్తున్నది కూడా పోతుందేమోనని భయం. మామా జుహురా వీడ్కోలుకు ఇచ్చిన దారాలపెట్టెలో గోధుమరంగు దారాలన్నీ సర్దుకున్నాను. చేతి వణుకు ఒక్క బొమ్మకు మాత్రం ఆగితే చాలని అడుగుతున్నాను ప్రభువును.

మొన్న పిన్నికి ఫోను చేశాను. అదృష్టం, ఆ పూట గుర్తుపట్టింది. “పిన్నీ, దారాలు తెస్తున్నాను. అమ్మ ఏ రంగులో ఉండేదో చూపిస్తావా?” అన్నాను.

 

“దారాలెందుకే పిచ్చిమొహమా” అంది పిన్ని. “నీ చెయ్యి తెచ్చుకో, చాలు.”